మహమ్మారి పూర్తిగా పోకముందే బడి తెరిస్తే: గోదావరి డెల్టా తల్లిదండ్రులు ఏమేం చూసుకోవాలి

బడులు తెరుస్తారన్న వార్త రాగానే ఊళ్ళో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పిల్లల ప్రాణాలతో ఆటలేమిటని కొందరు, ఇంట్లో కూర్చోబెట్టి చదువంతా పోగొట్టామని ఇంకొందరు. ఇద్దరి బాధా నిజమే. తెరవాలా వద్దా అన్నది ప్రభుత్వం తేలుస్తుంది. తెరిచాక మన పిల్ల ఏ గదిలో, ఎంతమంది మధ్య, ఎంతసేపు కూర్చుంటుందన్నది మాత్రం మనం వెళ్ళి చూసి, అడిగి, దగ్గరుండి చేయించుకోగలిగిన పని. ఇక్కడ రాస్తున్నదంతా ఆ పని గురించే.

కరోనా కాలంలో మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చిలో మూతపడిన బడులు నవంబర్ 2న 9, 10 తరగతులతో మొదలయ్యాయి. 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చి మళ్ళీ మూసేశారు, ఆగస్టు 16న తెరిచారు. 2022 జనవరిలో మూడో వేవ్ నడుస్తుండగానే సంక్రాంతి సెలవులయ్యాక పిల్లలు బడికి వెళ్ళారు. ప్రతిసారీ అవే ప్రశ్నలు, అదే టెన్షన్. అప్పట్లో ఉమ్మడి తూర్పు గోదావరి రాష్ట్రంలో ఎక్కువ కేసులు నమోదైన జిల్లాల్లో ముందు వరసలో ఉంది కాబట్టి, మన వైపు తల్లిదండ్రుల భయానికి కారణం లేకపోలేదు. రేపు ఇంకో ఊపిరితిత్తుల వైరస్ వచ్చినా ఈ పద్ధతి చాలావరకు పనికొస్తుంది.

ముందు గాలి సంగతి తేల్చుకోండి

మొదటి రోజుల్లో మన ఖర్చూ శ్రమా శానిటైజర్ సీసాల మీద, గేటు దగ్గర నుదుటికి పెట్టే థర్మామీటర్ల మీద, గోడలకు కొట్టే మందుల మీద పోయాయి. కరోనా ఎక్కువగా వ్యాపించింది శ్వాస ద్వారా. మాట్లాడినా, పాడినా, అరిచినా నోటి నుంచి వచ్చే సన్నటి తుంపరలు మూసిన గదిలో చాలాసేపు గాలిలో తేలుతూ ఉంటాయి. ఒక మూల ఎవరో బీడీ కాలిస్తే గది తలుపులు మూసి ఉన్నప్పుడు ఆ వాసన ఎంత దూరం వస్తుందో, ఎంతసేపు ఉంటుందో తలుచుకోండి. వైరస్ ఉన్న ఊపిరి కూడా దాదాపు అలాగే తిరుగుతుంది.

కాబట్టి పిల్లవాడు ఇంటి నుంచి బయలుదేరి తిరిగి వచ్చేదాకా ఉండే ప్రతిచోటా మూడు విషయాలు చూడండి: ఎంతమంది ఉన్నారు, ఎంతసేపు ఉంటారు, గాలి ఎంత ఆడుతోంది. ఈ మూడూ చూస్తే తరగతి గది కంటే ఆటోయే ఎక్కువ ప్రమాదమని చాలాసార్లు తేలుతుంది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు బడికి వెళ్ళండి

2020లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తప్పనిసరి అన్నారు. చాలామంది ఆ కాగితం పిల్లలతో ఇంటికి వస్తే సంతకం పెట్టి పంపేశారు. సంతకం పెట్టేముందు ఒక్కపూట బడికి వెళ్ళి రండి. బడి తల్లిదండ్రుల కమిటీలో సభ్యులైతే సరే, కాకపోయినా హెచ్ఎం (హెడ్‌మాస్టర్) గారికి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పి వెళ్ళండి.

వెళ్ళేటప్పుడు ఒక అగరుబత్తి ప్యాకెట్ తీసుకెళ్ళండి. మీ పిల్ల కూర్చునే గదిలో కిటికీలు, తలుపులు మామూలుగా తీసి ఉంచేలా తీసి, గది మధ్యలో ఒక బత్తి వెలిగించండి. పొగ ఒకవైపుకు సాగి బయటికి పోతుంటే గాలి ఆడుతున్నట్టు. అక్కడే చుట్టలు చుట్టుకుని నిలబడితే ఆ గదిలో నలభై మందిని కూర్చోబెట్టకూడదు. సీలింగ్ ఫ్యాన్ వేసి కూడా చూడండి. ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది, కిటికీలు మూసి ఉంటే కొత్త గాలిని తేలేదు. స్టాండు ఫ్యానును కిటికీ దగ్గర బయటి వైపుకు తిప్పి పెడితే లోపలి గాలిని బయటికి తోస్తుంది, ఎదురు కిటికీలోంచి కొత్త గాలి వస్తుంది. చాలా గదులకు ఇది చాలు.

కిటికీ రెక్కలు ఎన్ని తెరుచుకుంటున్నాయో చేత్తో తోసి చూడండి. మన తేమకు చెక్క ఉబ్బి బిగుసుకుపోతుంది, గడియలు తుప్పు పడతాయి, ఏళ్ళ తరబడి రంగు పూతలతో అతుక్కుపోయినవీ ఉంటాయి. ఒక వడ్రంగిని పిలిస్తే అరపూట పని. కమిటీ నిధుల నుంచి కుదరకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి వేసుకోగల ఖర్చే. దోమలు వస్తాయని కిటికీలు మూస్తున్నారంటే మెష్ కొట్టించండి. సముద్రం వైపు ఊళ్ళలో తుఫాను షెల్టర్‌లో తరగతులు నడుపుతుంటే గాలి ఆడుతోందో లేదో మరింత జాగ్రత్తగా చూడాలి.

ప్రైవేటు స్కూల్ అయితే ఏసీ గదుల గురించి గట్టిగా అడగండి. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఫీజు ఎక్కువ కట్టిన గదే ఇక్కడ ఎక్కువ ప్రమాదం కావచ్చు. స్కూల్‌కు స్తోమత ఉంటే కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి కొనమనండి. ఆరుబయట ఆ అంకె 420 దగ్గర ఉంటుంది, గదిలో 800 లోపు ఉంచగలిగితే మంచిది. వెయ్యి దాటి ఎక్కుతూ పోతుంటే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నారని అర్థం.

ఆరుబయట పాఠాలు చెప్పగలిగితే అంతకంటే మంచిది లేదు. చిన్న తరగతులకు వరండా, పెద్ద తరగతులకు చెట్టు కింద. ఒక్క హెచ్చరిక: కొబ్బరి చెట్ల కింద కూర్చోబెట్టవద్దు. కాయ రాలినా, ఎండు మట్ట పడినా పిల్లల తల పగులుతుంది. మామిడి, వేప, నిద్రగన్నేరు నీడ చూడండి. ఆవరణలో కొబ్బరి చెట్లు తప్పకపోతే ముందుగా దింపు తీయించి (కాయలు కోయించి), ఎండు మట్టలు కొట్టించాకే పిల్లల్ని ఆ వైపు పంపండి.

నెలల తరబడి మూసి ఉన్న భవనం, పైగా వరద

మన దగ్గర బడి ఒక్క చదువుకే కాదు. గోదావరికి వరద వస్తే నది మధ్యలోని లంక గ్రామాల వాళ్ళకు అదే పునరావాస కేంద్రం. 2020 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి నీళ్ళు వచ్చాయి, అదే కాలంలో కరోనా కేసులూ పెరిగాయి. కొన్నిచోట్ల బడి క్వారంటైన్ కేంద్రం కూడా అయ్యింది. అలాంటి భవనంలోకి పిల్లలు వెళ్ళే ముందు చేయాల్సినవి ఉన్నాయి.

పాముల కోసం వెతికించండి. బల్లల అడుగున, స్టోర్ రూములో, వంటషెడ్డు కట్టెల్లో, బురద ఎండిన మరుగుదొడ్ల మూలల్లో. వరద వస్తే నాగుపాము, రక్తపింజర మెట్ట మీదికి చేరతాయి. కరోనా భయంలో దీన్ని మరిచిపోవడం తేలిక.

నీళ్ళ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, రుద్ది కడిగించి నింపించండి. బావి నీళ్ళు వాడుతుంటే పంచాయతీ వాళ్ళతో క్లోరినేషన్ చేయించాలి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, వేశాక కనీసం గంట ఆగాలి. బురద నీళ్ళు కలిసిన బావికి అంత చాలదు, ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గారిని అడిగి చేయించండి.

మరుగుదొడ్లు కడగడానికి లీటరు నీళ్ళకు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపితే సరిపోతుంది. పిల్లలు వెళ్ళిపోయాక, ఆయా చేతికి గ్లవుజులు ఉండగా, కిటికీ తీసి ఉంచి చేయాలి. బ్లీచింగ్‌లో టాయిలెట్ యాసిడ్ ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. బల్లలకు సబ్బునీళ్ళు చాలు. పిల్లల ఒంటి మీద మందు కొట్టే "శానిటైజర్ టన్నెల్" ఎవరైనా విరాళం ఇస్తామంటే సున్నితంగా వద్దని చెప్పండి. మనుషుల మీద ఆ మందులు చల్లవద్దని 2020లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ డబ్బుతో మరో రెండు కుళాయిలు, సబ్బులు పెట్టించమనండి.

ఆటో, బస్సు, పంటు

ఏడుగురు పట్టే ఆటోలో పదిహేను మంది పిల్లలు ఒకరి ఒడిలో ఒకరు కూర్చుని అరగంట ప్రయాణం చేస్తే, తరగతిలో బెంచీకి ఇద్దరినే కూర్చోబెట్టి ప్రయోజనం తక్కువ. నా దృష్టిలో మన ప్రాంతంలో తల్లిదండ్రులు మొదట పట్టించుకోవాల్సింది ఇదే. పైగా బడికి ఇందులో చెప్పే హక్కు తక్కువ, డబ్బు ఇచ్చేది మనం కాబట్టి మాట చెల్లేది మనకే.

ఆటో అతన్నీ, అందులో వెళ్ళే పిల్లల తల్లిదండ్రులందరినీ ఒకసారి కూర్చోబెట్టండి. రెండు ట్రిప్పులు వేయమని అడగండి. అతనికి డీజిల్ ఖర్చు రెట్టింపు అవుతుంది, ఆ తేడా అందరూ పంచుకోవాలి. అది ఇవ్వకుండా తక్కువ మందిని ఎక్కించమంటే అతను నాలుగు రోజులు విని ఐదో రోజు మానేస్తాడు, అతని తప్పు కూడా కాదది. వాన లేనప్పుడు పక్క పరదాలు పూర్తిగా ఎత్తి కట్టాలి. వాన ఉంటే ఒక వైపైనా కొంచెం తెరిచి ఉంచాలి. ఆటోలో పాటలు పెట్టి పిల్లలు గట్టిగా అరుస్తూ పాడటం ఆ కొన్ని నెలలు మానిపించండి. డ్రైవర్ మాస్కు వేసుకోవాలి, జలుబు చేస్తే ఆ రోజు వేరే వాళ్ళను పంపాలి. స్కూల్ బస్సయితే అన్ని కిటికీలూ తెరిచే నడపాలి.

పెద్ద పిల్లలకు సైకిల్ ఉంటే అదే మేలు. కాలవ గట్టు మీద వెళ్ళే పిల్లలకు వానాకాలంలో జారుడు చోట్లు ఎక్కడున్నాయో మీరే ఒకసారి వెంట వెళ్ళి చూపించండి.

లంకల నుంచి పడవ మీద వచ్చే పిల్లల సంగతి వేరు. నది మీద గాలి ధారాళంగా ఉంటుంది కాబట్టి వైరస్ భయం తక్కువ. కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నర్సాపురం లాంటి రేవుల్లో పంటు (మనుషుల్ని, బళ్ళని దాటించే పెద్ద పడవ) ఎక్కేటప్పుడు తోసుకునే గుంపే ఇబ్బంది, దాన్ని ఒక పది నిమిషాలు ముందు బయలుదేరి తప్పించుకోవచ్చు. కానీ ఒక్కటి మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఒకరు వాడిన లైఫ్ జాకెట్ ఇంకొకరు వేసుకుంటే కరోనా వస్తుందని దాన్ని వద్దనకండి. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు గోదావరి పాయ గౌతమిలో మునిగిపోయారు. నీళ్ళ ప్రమాదం ముందు ఆ బట్ట మీది వైరస్ భయం లెక్కలోకి రాదు. జాకెట్లను సబ్బునీళ్ళతో తుడిచి ఎండలో ఆరేస్తే సరిపోతుంది.

మధ్యాహ్న భోజనం

అందరూ మాస్కులు తీసి, ఎదురెదురుగా కూర్చుని, కబుర్లు చెప్పుకునే సమయం ఇది. తరగతి వారీగా వేళలు మార్చి, వరండాలోనో ఆరుబయటో ఒకే వైపు తిరిగి వరసలో కూర్చోబెట్టమని అడగండి. చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు రుద్ది కడుక్కున్నాకే కంచం ముట్టాలి. కడుక్కోవడానికి క్యూ పెద్దదవుతుంది కాబట్టి కుళాయిలు ఎన్నున్నాయో లెక్క చూడండి. నీళ్ళ సీసా, గ్లాసు ఇంటి నుంచే పంపండి. వండేవాళ్ళలో ఎవరికి దగ్గు, జ్వరం ఉన్నా ఆ రోజు సెలవు, సెలవు తీసుకున్నందుకు వాళ్ళ కూలి పోకుండా కమిటీ చూడాలి.

భయపడి భోజనం మాన్పించాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ ఇచ్చే భోజనం అది. రోజుకూలీ ఇళ్ళ పిల్లలకు ఆ పూటే గట్టి తిండి. వంట ఆగిపోయే పరిస్థితి వస్తే బియ్యం, గుడ్లు, చిక్కీ ఇంటికి ఇవ్వాలి, 2020లో బడులు మూసినప్పుడు అలాగే ఇచ్చారు. అడిగి తీసుకోండి.

మాస్కు

ఐదేళ్ళ లోపు పిల్లలకు వద్దు. ఆరు నుంచి పదకొండేళ్ళ వాళ్ళకు పెద్దవాళ్ళ కనుసన్నల్లో, పన్నెండు దాటినవాళ్ళకు పెద్దవాళ్ళలాగే. మన ఉక్కపోతలో మాస్కు చెమటకు గంటలోనే తడుస్తుంది, తడిసినది పని చేయదు, ఊపిరీ ఆడదు. అందుకే బ్యాగులో మరో రెండు ఉతికినవి ఒక కవర్లో పెట్టి, తడిసినవి వేసుకోవడానికి ఇంకో ఖాళీ కవర్ పెట్టండి. పరుగెత్తే ఆటల్లో మాస్కు తీసేయమని పిల్లలకు మీరే చెప్పండి.

ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే

కోనసీమలో ఇంటింటికీ తెలిసిన విషయమే ఇది. అమ్మ గల్ఫ్‌లో, నాన్న ఎక్కడో పనిలో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. కరోనా పిల్లల్లో చాలామందికి తేలిగ్గానే పోయింది, షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ళకే ప్రాణం మీదికి తెచ్చింది. అంటే మన పిల్ల బడికి వెళ్తుంటే కాపాడుకోవాల్సిన మొదటి మనిషి ఇంట్లోనే ఉన్నారు.

టీకా వచ్చిన కాలమైతే పెద్దవాళ్ళకు వేయించడమే మొదటి పని. 2020 నవంబర్‌లో బడులు తెరిచినప్పుడు అసలు టీకాయే లేదు, అరవై దాటినవాళ్ళకు 2021 మార్చి 1న, పదిహేను దాటిన పిల్లలకు 2022 జనవరి 3న మొదలైంది. ఇంకో మహమ్మారిలోనూ ఇలాంటి ఎడమే ఉండొచ్చు. ఆ ఎడంలో ఏం చేయాలంటే, కేసులు ఎక్కువగా ఉన్న వారాల్లో పిల్లలు, పెద్దవాళ్ళు ఒకే మంచం మీద పడుకోవద్దు. బడి నుంచి వచ్చాక కబుర్లు, హోంవర్కు అన్నీ వీధి అరుగు మీదే పెట్టుకోండి. ఇంట్లో పడకగది కిటికీలు రాత్రి కూడా కాస్త తెరిచి ఉంచండి. పిల్లకు ముక్కు కారడం మొదలైతే అన్నం తినిపించే పని ఇంకెవరైనా వయసులో ఉన్నవాళ్ళు చేయాలి. ఎవరూ లేకపోతే అమ్మమ్మ మాస్కు వేసుకోవాలి. అమ్మమ్మకు ఇది దూరం పెట్టినట్టు అనిపిస్తుంది. గల్ఫ్ నుంచి వాళ్ళమ్మే వీడియో కాల్‌లో ఎందుకో నెమ్మదిగా చెబితే ఎక్కువ వింటారు.

ఇంట్లో డయాలసిస్, క్యాన్సర్ వైద్యం జరుగుతుంటే, కేసులు తగ్గేదాకా పిల్లను ఇంటి దగ్గరే ఉంచుకుని వర్క్‌షీట్లు అడగడంలో తప్పు లేదు. హాజరు కోసం ఎవరూ ఒత్తిడి చేయకూడదని హెచ్ఎం గారితో ముందే మాట్లాడుకోండి.

జ్వరం వస్తే

పొద్దున్నే ఒళ్ళు వెచ్చగా ఉంటే పారాసెటమాల్ వేసి బడికి పంపే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది పూర్తిగా మానాలి. 100.4 డిగ్రీలు, ఆ పైన ఉంటే ఆ రోజు ఇంట్లోనే.

అలాగని ప్రతి జ్వరం కరోనా కాదు. వానాకాలంలో మన దగ్గర డెంగీ, టైఫాయిడ్, మలేరియా అన్నీ ఉంటాయి. కరోనా అంటారేమోనని భయపడి పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్ళకుండా డెంగీని ముదరబెట్టుకోవద్దు. రెండో రోజు కూడా తగ్గకపోతే తీసుకెళ్ళండి. కరోనా ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే ల్యాబులో చేసే ఆర్టీపీసీఆర్ టెస్టు అడగండి, ర్యాపిడ్ కొన్నిసార్లు పట్టుకోలేదు.

ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, తిండి నీళ్ళు మానేసి మగతగా ఉన్నా, ఆక్సిమీటర్‌లో 94 కంటే తగ్గినా ఇంట్లో ఆగకండి. కరోనా తగ్గిన రెండు నుంచి ఆరు వారాల్లో మళ్ళీ గట్టి జ్వరం, కళ్ళు ఎర్రబడటం, ఒంటి మీద దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు వస్తే పిల్లల డాక్టరుకు "నెల కిందట కరోనా వచ్చింది" అని మీరే ముందు చెప్పండి. అరుదుగా వచ్చే జబ్బే కానీ గుండె మీద పడుతుంది. దానికి కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రి కావాలి.

బడిలో ఉండగా జ్వరం వస్తే ఎక్కడ కూర్చోబెడతారో ముందే అడిగి ఉంచండి. వరండా చివర ఒక కుర్చీ, పక్కన కాస్త దూరంలో ఒక పెద్దమనిషి ఉంటే చాలు. స్టోర్ రూములో ఒంటరిగా పెట్టి గడియ వేయకూడదు. మీ రెండు ఫోన్ నంబర్లు, దగ్గర్లో ఉండే చుట్టం నంబరు ఒకటి బడిలో రాయించండి. పాజిటివ్ వస్తే ఎన్ని రోజులు ఇంట్లో ఉంచాలన్నది మారుతూ ఉంటుంది. 2022 జనవరిలో దాన్ని ఏడు రోజులకు తగ్గించారు. అందుకే పాత వాట్సాప్ మెసేజ్ చూసి నిర్ణయించకుండా ఆ వారం ఏఎన్ఎం గారు చెప్పింది పాటించండి. ఒక తరగతిలో కేసు వస్తే ఆ తరగతి వరకు చూసుకుంటే చాలాసార్లు సరిపోతుంది, బడి మొత్తం మూయమని ఒత్తిడి తేవద్దు. పాజిటివ్ వచ్చిన పిల్ల పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక్కసారి పేరు బయటికి వస్తే ఆ తర్వాత ఏ ఇంటి వాళ్ళూ టెస్టుకు రారు.

తిరిగి రాని పిల్లలు

తెరిచిన రెండో వారంలో హాజరు పట్టీ చూడమని కమిటీని అడగండి. రానివాళ్ళలో కొందరు భయంతో ఆగినవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడితే వస్తారు. కొందరు రొయ్య తలలు తీసే షెడ్లకో, చెరువు కాపలాకో వెళ్ళిపోయి ఉంటారు. పదో తరగతి ఆడపిల్లకు సంబంధం చూస్తున్నారేమో కనుక్కోవాలి. ఊరి సచివాలయంలో ఆడపిల్లల రక్షణ చూసే ఉద్యోగికి, టీచరుకు ఇద్దరికీ చెప్పండి. ఆపద విషయంలో 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

ఇక కేసులు తగ్గాక ఏది ముందు సడలించాలంటే, బల్లలు తుడవడం, గేటు దగ్గర జ్వరం చూడటం ముందు మానేయవచ్చు. ఆ తర్వాత మాస్కు. ఆటోలో తక్కువ మంది, చేతుల సబ్బు, తెరిచిన కిటికీలు మాత్రం ఎప్పటికీ ఉంచమనండి. జలుబు, ఫ్లూ, క్షయ అన్నిటికీ అవి పనికొస్తాయి. వడ్రంగి చేత తీయించిన కిటికీలు మళ్ళీ రంగు వేసేటప్పుడు అతుక్కుపోకుండా చూసే పని ఒకరికి అప్పగించండి.